గాయం ఇచ్చే ఊరట

మండే ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా తియ్యరు. స్నానాల గదిలోకి వెళ్తే ఓ పట్టాన బయటికి రారు. ఎవరైనా ముంజేయి పట్టుకుంటే చటుక్కున లాక్కుంటారు. తమను తాము గాయపరచుకునే పిల్లల ఇళ్లలో పెద్దవాళ్లకి ఇవన్నీ తర్వాత గుర్తొస్తాయి. ఈ అలవాటు ఎక్కువగా 12-14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. బయటపడిన రోజు ఇంట్లో వినబడే మొదటి ప్రశ్న "ఎందుకు చేశావ్?". దానికి పిల్లలు చాలాసార్లు "ఏమో" అంటారు. అది తప్పించుకోవడం కాదు, నిజంగానే తెలియదు.

ఒంటికి నొప్పి పుట్టి అది తగ్గుముఖం పట్టేటప్పుడు మెదడుకి ఒక ఊరట దొరుకుతుంది. ఈ అలవాటు లేనివాళ్లలో కూడా ప్రయోగశాలల్లో ఇదే కనిపించింది. అవమానమో, కోపమో, ఏమీ అనిపించని శూన్యమో భరించలేని స్థాయికి చేరినప్పుడు గాయం ఆ ఊరటని అరువు తెస్తుంది. కాసేపే. ఆ వెంటనే సిగ్గు వస్తుంది, సిగ్గు మళ్లీ అదే బరువు పెంచుతుంది. "అందరూ తనని చూడాలని చేస్తోంది" అనే మాట నిలవనిది అందుకే. చూడాలనుకుంటే ఇన్ని జాగ్రత్తలతో దాచరు కదా.

చాలామందికి ఆ క్షణంలో చచ్చిపోవాలన్న ఉద్దేశం ఉండదు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. గాయపరచుకునే వాళ్లలో ముందుముందు ఆత్మహత్య ముప్పు తోటివాళ్లకన్నా ఎక్కువ. కాబట్టి అడగాలి, డొంకతిరుగుడు లేకుండా: "నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని పెద్దల భయం. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూలు విద్యార్థుల మీద సరిగ్గా దీన్నే పరీక్షించింది. ఆత్మహత్య గురించి అడిగినవాళ్లలో బాధ గానీ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి ఆ ప్రశ్న కొంత తేలికనిచ్చినట్టే కనిపించింది.

జవాబు "అవును" అయి, ఎలా, ఎప్పుడు అన్నది కూడా ఆలోచించి ఉంటే ఒంటరిగా వదలకూడదు, అదే రోజు ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. మోతాదు మించి మందులు మింగి ఉంటే, చూడ్డానికి బాగానే ఉన్నా సరే, వెంటనే వెళ్లాల్సిందే. కొన్ని మందుల దెబ్బ ఒకటి రెండు రోజులకి గానీ బయటపడదు. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు ఎత్తకుండా అదిమిపెట్టినా రక్తం ఆగకపోతే డాక్టరుకి చూపించాలి. ఆగితే నీళ్లతో కడిగి కట్టు కట్టండి. ఆ కాసేపట్లో ఉపన్యాసం వద్దు. కట్టు కట్టే చెయ్యి వణక్కుండా ఉంటే చాలు, "నీ మీద కోపం లేదు" అన్న సంగతి అదే చెప్పేస్తుంది.

గాయం వెనక డిప్రెషన్ ఉందేమో కూడా చూడాలి. పిల్లల్లో డిప్రెషన్ అంటే ఏడుపే అనుకుంటే పొరపాటు. రెండు వారాలకి పైగా రోజులో ఎక్కువ భాగం చిరాకు, ఇష్టమైన ఆట మీద కూడా విరక్తి, నిద్రలో తేడా, చదివింది తలకెక్కకపోవడం: ఇవి కలిసి కనబడితే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇంట్లో చెయ్యగలిగిన వాటిలో నా లెక్కన అన్నిటికన్నా విలువైనది ఒక కాగితం. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించిన సేఫ్టీ ప్లాన్ ఇది, అంటే తపన ముంచుకొచ్చినప్పుడు ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకోవడం. ఆరు మెట్లు: నాకు ముంచుకొస్తోందని చెప్పే గుర్తులు; నేను ఒక్కణ్ణే చెయ్యగలిగే పనులు; మనసు మళ్లించే చోట్లు, మనుషులు; సాయం అడగదగ్గవాళ్లు; డాక్టరు, హెల్ప్‌లైన్ నంబర్లు; చుట్టుపక్కల ప్రమాదకరమైనవి తీసెయ్యడం. రాయాల్సింది పిల్లలే, వాళ్ల మాటల్లోనే. "ధ్యానం చేస్తాను" అని అమ్మ రాయిస్తే అది అమ్మ ప్లాన్. "కుక్కని తీసుకుని వీధి చివరిదాకా వెళ్తాను" అని తనే రాస్తే పనికొస్తుంది.

ఒక్కరే చెయ్యగలిగే పనులు రాసుకునే ఆ రెండో మెట్టు ఎందుకు పనిచేస్తుంది? గాయపరచుకోవాలన్న తపన సాధారణంగా అలలాగా లేచి, శిఖరానికి చేరి, విరుగుతుంది. 15 నిమిషాలు వాయిదా వెయ్యగలిగితే చాలాసార్లు పదును తగ్గుతుంది. పీల్చే గాలికన్నా వదిలే గాలిని ఎక్కువసేపు సాగదీస్తే గుండె వేగం నెమ్మదిస్తుంది. ఆరో మెట్టుకీ సూత్రం ఇదే. మందుల పెట్టెకి తాళం, పదునైనవి చేతికందని చోట, పురుగుల మందు ఇంట్లోనే లేకుండా. కోరికకీ పనికీ మధ్య పెరిగిన ఆ కొద్ది నిమిషాల ఎడం ప్రాణం నిలబెడుతుంది.

చెడగొట్టేవి కొన్ని ఉన్నాయి. "ఇంకెప్పుడూ చెయ్యనని ఒట్టు వెయ్యి" అంటే గాయం ఆగదు, చెప్పడం ఆగుతుంది. రోజూ చొక్కా చేతులు ఎత్తించి తనిఖీ చేస్తే గాయం కనిపించని చోటికి మారుతుంది. ఫోను లాక్కుంటే మూడో మెట్టులోని స్నేహితులు పోతారు. "ఎవరికీ చెప్పనులే" అన్న మాట కూడా ఇవ్వకండి. "అవసరమైతే చెప్తాను, కానీ ఎవరికి చెప్తానో ముందు నీకు చెప్తాను" అనండి.

వైద్యం విషయానికొస్తే, 2004లో ప్రచురితమైన అమెరికా పరీక్ష ఒకటి డిప్రెషన్ ఉన్న 12-17 ఏళ్ల 439 మందిపై జరిగింది. అందులో 12 వారాలకి ఫ్లూక్సెటిన్ అనే డిప్రెషన్ మందు, ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కలిపి తీసుకున్నవాళ్లలో 71 శాతం మంది మెరుగుపడ్డారు. మందు ఒక్కటే అయితే 61, థెరపీ ఒక్కటే అయితే 43, ఉత్తుత్తి మాత్రతో 35. గాయపరచుకునే అలవాటుకి డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే ఉధృతమైన భావాల్ని తట్టుకునే నేర్పులు అలవాటు చేసే చికిత్స, బాగా పరీక్షకి నిలిచింది. డిప్రెషన్ మందు గుణం కనబడటానికి 4-6 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చు. అమెరికా ఔషధ సంస్థ పరిశీలించిన పరీక్షల్లో ఉత్తుత్తి మాత్రతో 2 శాతం మందిలో, అసలు మందుతో 4 శాతం మందిలో అలా జరిగింది, ఎవరూ చనిపోలేదు. కాబట్టి ఆ రోజుల్లో కన్నేసి ఉంచాలి. అసహనం, నిద్రలేమి హఠాత్తుగా పెరిగితే డాక్టరుకి ఫోను చెయ్యాలి. సొంతంగా మాత్రలు ఆపెయ్యకూడదు.

మూడు నెలలు బాగుండి మళ్లీ ఒక రాత్రి గాయం కనబడొచ్చు. మర్నాడు ఆ కాగితం తీసి ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి. ఏ మెట్టు దగ్గర జారింది? ఫోను చేస్తే పిన్ని ఎత్తలేదా? ఆ పేరు కింద ఇంకో పేరు రాయించండి.