అంబర్‌లో కందిరీగలు: ఇన్ని కొత్త కుటుంబాలు ఎలా వచ్చాయి?

2025లో సైరెనోబెథిలస్ అనే శిలాజ కందిరీగ వార్తల్లోకెక్కింది. మయన్మార్ అంబర్‌లో, అంటే శిలగా మారిన చెట్టు జిగురులో, దొరికిన 16 నమూనాలూ ఆడవే. పొట్ట చివర ఉన్న మూడు రెప్పలతో తన గుడ్లకు ఆశ్రయమిచ్చే పురుగును పట్టి ఉంచేదని పరిశోధకుల అంచనా. దానికోసం ఏకంగా కొత్త కుటుంబాన్నే (వర్గీకరణలో దగ్గరి జాతులన్నిటినీ కలిపే పెద్ద గుంపు) ఏర్పాటు చేశారు. అంతకుముందు 2017లో, అక్కడి అంబర్‌లోనే దొరికిన రెక్కల్లేని ఆప్టెనోపెరిసస్‌కూ ఇలాగే ఓ కుటుంబం దక్కింది. ఇవన్నీ నిజంగా కుటుంబాలేనా, లేక ఎక్కడ పెట్టాలో తెలియక కట్టిన తాత్కాలిక గూళ్లా? ఈ అనుమానం ఇవాళ్టిది కాదు.

ఉత్తర ఐరోపాలోని బాల్టిక్ సముద్ర తీరపు అంబర్ దగ్గర ఈ చిక్కు పెద్దగా లేదు. అది డైనోసార్లు అంతరించాక వచ్చిన ఇయోసీన్ యుగం నాటిది. అందులోని పరాన్నజీవి కందిరీగల్లో చాలా వరకు ఇప్పుడు బతికున్న కుటుంబాలవే, కాకపోతే వాటి చిరునామాలు మారాయి. పెలెసినిడే కుటుంబం ఇవాళ అమెరికా ఖండాల్లోనే ఉంది. మెగాలిరిడే ఎక్కువగా దక్షిణార్ధగోళంలో కనిపిస్తుంది. బాల్టిక్ అంబర్‌లో రెండూ ఉన్నాయి. అమెరికా కీటక శాస్త్రవేత్త చార్లెస్ థామస్ బ్రూస్ ఈ కందిరీగలపై 1933లో పెద్ద గ్రంథమే వెలువరించాడు. అప్పటి పద్ధతి సూటిగా ఉండేది: ముందు రెక్కలోని ఈనెలు చూడటం, మీసాల కణుపులు లెక్కపెట్టడం, బతికున్న కందిరీగల పట్టికలో సరిపోయే గడి వెతకడం. రెండో ప్రపంచ యుద్ధంలో కోనిగ్స్‌బర్గ్‌లోని (ఇవాళ రష్యాలోని కాలినిన్‌గ్రాడ్) మహా అంబర్ సేకరణ చెల్లాచెదురైంది. కొంత భాగం జర్మనీలోని గోటింగెన్ చేరింది, చాలా భాగం పోయింది. అసలు నమూనా పోతే మిగిలేది వర్ణనా, బొమ్మా మాత్రమే. సందేహం వస్తే మళ్లీ తెరిచి చూడటానికి ఏమీ ఉండదు.

అసలు తలనొప్పి అంతకంటే పాతదైన, డైనోసార్ల కాలం నాటి క్రిటేషియస్ అంబర్‌తో మొదలైంది. కెనడాలోని సీడర్ లేక్ అంబర్ నుంచి 1937లో బ్రూస్ వర్ణించిన ఒక చిన్న కందిరీగకు నడుము రెండు కణుపులుగా ఉంది. మామూలుగా పరాన్నజీవి కందిరీగలకు నడుము ఒక్క కణుపే. ఆయన దానికి పెట్టిన పేరు సెర్ఫైటిస్ పారడాక్సస్. పేరులోనే వింత అన్న మాట ఉంది. తర్వాత ఇదే తరహా నడుమున్నవి సైబీరియాలోని తైమిర్‌లో, న్యూజెర్సీలో, స్పెయిన్‌లో, మయన్మార్‌లో వరసగా దొరికాయి. కాబట్టి ఆ కందిరీగ పేరు మీద వచ్చిన సెర్ఫైటిడే కుటుంబం నిలబడింది. ఒక్క ముక్క మీద ఆధారపడి కట్టిన కుటుంబానికి, నాలుగు చోట్ల నుంచి సాక్ష్యం వచ్చిన కుటుంబానికి తేడా ఇదే.

రెండు కణుపుల నడుము బతికున్న వాటిలో మైమరోమాటిడే అనే చిన్న గుంపులోనూ కనిపిస్తుంది. ఒంటి పొడవు మిల్లీమీటరు లోపే. ముందు రెక్క మీద వల అల్లినట్టు గీతలు, వెనక రెక్క చిన్న పుల్లలా మిగిలిపోయింది. వీటిని ఒకప్పుడు మైమరిడే అనే మరో బుల్లి కందిరీగల కుటుంబంలోనే కలిపేశారు. ఒళ్లు అంత చిన్నదైతే ఈనెలు మాయమవుతాయి, ఏ సంబంధం లేని గుంపుల్లోనూ మాయమవుతాయి. ఈనెల లెక్కతో వర్గీకరించేవాడికి అక్కడ పట్టు దొరకదు. ఈ బతికున్న గుంపు ఏ పురుగు గుడ్లలో పెరుగుతుందో కూడా 2022 దాకా తెలియలేదు. హవాయిలో సోకిడ్ అనే చిన్న బెరడు పురుగుల గుడ్ల నుంచి బయటికొస్తే తెలిసింది. ఇక పది కోట్ల ఏళ్ల కిందటి సైరెనోబెథిలస్ లాంటి దాని జీవితచరిత్రను పొట్ట ఆకారం చూసి చెప్పేటప్పుడు కాస్త తగ్గి మాట్లాడటం మంచిది.

1970ల్లో మాస్కో పరిశోధకులు తైమిర్ అంబర్‌ను పట్టుకున్నారు. మైమెట్‌షిడే, స్టిగ్మాఫ్రోనిడే లాంటి అంతరించిన కుటుంబాలు ఆ దశకంలో వచ్చినవే. వాళ్లలో ఒకరైన అలెగ్జాండర్ రస్నిట్సిన్ దృష్టిలో శిలాజం బతికున్న పట్టికలో ఇరికించాల్సిన వస్తువు కాదు, వంశావళిని తిరగరాయించే సాక్షి. వంశవృక్షంలో పూర్తి కొమ్మనే, అంటే ఒక పూర్వీకుడి సంతతి మొత్తాన్నే, గుంపుగా ఒప్పుకునే వాళ్లతో ఆయన పద్ధతి పొసగలేదు. నేటి విభేదాల్లో సగం ఆ తగాదాకు కొనసాగింపే.

మయన్మార్ అంబర్ కథ ఇంకా పాతది. 1916 నుంచి కాకెరెల్ అనే కీటక శాస్త్రవేత్త అందులోని కీటకాలను వర్ణించాడు. అంబర్ వయసు అనుకున్నదానికంటే ఎక్కువని కీటకాలను బట్టే అనుమానించాడు. 2012లో జిర్కాన్ అనే ఖనిజ స్ఫటికాల పరీక్షతో అది సుమారు 9.9 కోట్ల ఏళ్లని తేలింది. ఈ శతాబ్దంలో నమూనాలు వెల్లువెత్తాయి. అంబర్ ముక్కలో కందిరీగ ఎప్పుడూ కుదురుగా ఉండదు: రెక్క మడతపడి ఉంటుంది, ఛాతీ మీద గాలి బుడగ కూర్చుంటుంది, కావలసిన కీలు సరిగ్గా పగులు వెనక ఉంటుంది. ఇప్పుడు ముక్క లోపలిదాన్ని ఎక్స్‌రేలతో అన్ని వైపుల నుంచీ చూపే మైక్రో-సీటీ స్కాన్ ఆ అడ్డంకిని చాలావరకు తీసేసింది. 2018లో డైవర్సినిటిడే అనే అంతరించిన కుటుంబాన్ని చాల్సిడ్లనే చిన్న పరాన్నజీవి కందిరీగల పెద్ద గుంపులో చేర్చినప్పుడు ఆధారాల్లో ఒకటి మీసాల మీది సన్నని పలకల్లాంటి జ్ఞానేంద్రియాలు. ఇలాంటి ఆధారం ఉంటే కొత్త కుటుంబం అన్నా నాకు అభ్యంతరం లేదు.

బతికున్న వాటి పట్టిక కూడా కుదురుగా లేదు. ఎక్కడా ఇమడని చాల్సిడ్లను పడేసే బుట్టగా పేరుపడ్డ టెరొమాలిడే కుటుంబాన్ని 2022లో అనేక కుటుంబాలుగా విడగొట్టారు. అందుకు డీఎన్ఏ విశ్లేషణలు తోడ్పడ్డాయి. అంబర్ కందిరీగల్లో డీఎన్ఏ దొరకదు కాబట్టి, ఆ బుట్టలో పడి ఉన్న పాత శిలాజాలను ఒక్కొక్కటే తీసి ఆకారాన్ని బట్టే మళ్లీ సర్దాలి. దానికి అసలు నమూనా చేతికందాలి. 2017లో మయన్మార్ అంబర్ తవ్వే హుకాంగ్ లోయ గనులు మయన్మార్ సైన్యం అదుపులోకి వెళ్లాక ఆ అంబర్‌ను కొనడమే వివాదమైంది. ప్రైవేటు సేకరణల్లో ఉండిపోయిన నమూనాలను మరొకరు పరీక్షించే హామీ లేదు. స్కాన్ ఫైళ్లను అందరికీ తెరిచి పెడితే కొంత ఊరట.