ఈ ఏడాది కొత్త ఆల్బమ్‌లు: తాతయ్య ఉత్తరం

పర్లాకిమిడి,
2023 డిసెంబరు 28

పిల్లలూ,

మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఏడాది వచ్చిన ఆల్బమ్‌లలో నాకేవి నచ్చాయో రాయమని అడిగారు కదా, ఇదిగో. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా వింటూ పెరిగినవాళ్ళం. అర్థం తెలియని పాటంటే మనకు బెరుకేమిటి? అందుకే అన్ని రకాలూ విన్నాను. నేను చూసేది ఒక్కటే: వాయించేవాళ్ళు ఒకరినొకరు వింటున్నారా లేదా అని.

ఆ లెక్కన మొదటిది 'యాజ్ వీ స్పీక్'. మే నెలలో వచ్చింది. బేలా ఫ్లెక్ బాంజో, ఎడ్గర్ మేయర్ డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, వయొలిన్ లాంటి పెద్ద వాద్యం), జాకిర్ హుస్సేన్ తబలా, రాకేశ్ చౌరాసియా వేణువు. రాకేశ్ హరిప్రసాద్ చౌరాసియాగారి కుటుంబం వాడు, ఆయన శిష్యుడు కూడా. హరిప్రసాద్‌గారు 1957లో కటక్ రేడియోలో ఉద్యోగానికి చేరారు, కాబట్టి ఆ వేణువుతో మన ఒడిశాకు పాత చుట్టరికమే. బాంజో తీగ మీటగానే మోగి చప్పున ఆగిపోతుంది. వేణువు ఊపిరి ఉన్నంతసేపూ సాగుతుంది. ఈ రెండూ ఎలా కలుస్తాయా అనుకుంటాం. బాంజో గబగబా పరిగెడుతుంటే వేణువు ఒకే స్వరం మీద నిలబడుతుంది, కమానుతో లాగిన బేస్ కింద నుంచి రెంటినీ మోస్తుంది. జాకిర్ ఎడమచేతిని గమనించండి. మణికట్టు అడుగుతో డగ్గా (తబలా జతలో ఎడమవైపు పెద్దది) చర్మాన్ని నొక్కి ముందుకు జరిపితే మోత కింది నుంచి పైకి జారుతుంది. జముకుల కథలో జముకు తీగను బిగించి, వదిలి మీటినప్పుడు 'బుంయ్' మని జారే మోత విన్నారుగా, అలాంటిదే.

జాకిర్‌దే ఇంకొకటి, 'శక్తి' బృందం 'దిస్ మూమెంట్'. 1977 తర్వాత ఇన్నాళ్ళకు, అంటే 46 ఏళ్ళకు, వాళ్ళు చేసిన స్టూడియో ఆల్బమ్. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, శంకర్ మహదేవన్ గొంతు, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్, సెల్వగణేశ్ తాళవాద్యాలు. మొదటి ట్రాక్ 'శ్రీనీస్ డ్రీమ్' మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జ్ఞాపకంగా చేశారు. ఆయన 2014లో, 45 ఏళ్ళకే పోయాడు. ఈ బృందంలోనే చాలా ఏళ్ళు వాయించాడు. ఆ ట్రాక్ వింటుంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

రాక్ కావాలంటే పీటర్ గేబ్రియల్ 'ఐ/ఓ' వినండి. కొత్త పాటలతో ఆల్బమ్ చేసి ఆయనకు 21 ఏళ్ళయింది. జనవరి నుంచి పున్నమి పున్నమికీ ఒక్కో పాట వదులుతూ, ఈ డిసెంబరు 1న మొత్తం విడుదల చేశాడు. పైగా అవే పన్నెండు పాటలకు రెండు మిక్సింగులు, 'బ్రైట్ సైడ్', 'డార్క్ సైడ్' అని. మిక్సింగ్ అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతు, డ్రమ్ము, గిటారులలో ఏది ఎంత గట్టిగా, ఎంత దగ్గరగా వినపడాలో సర్దడం. ఇక్కడ ఆ పని ఇద్దరు ఇంజనీర్లకు విడివిడిగా అప్పజెప్పారు. ఒకే పాటను రెండు రకాలుగా వెంట వెంటనే విని చూడండి, నేను పేజీలు పేజీలు రాసినా చెప్పలేనిది చెవికి ఇట్టే తెలుస్తుంది.

ర్యాప్ ఇష్టపడే చిన్నోడికి: ఆండ్రే 3000 నవంబరులో 'న్యూ బ్లూ సన్' తెచ్చాడు. ర్యాప్‌లో అంత పేరున్న మనిషి, తన మొదటి సోలో ఆల్బమ్‌లో ఒక్క మాటా లేకుండా 87 నిమిషాలు వేణువులు ఊదాడు. మొదటి ట్రాక్ పేరులోనే, నిజంగా ర్యాప్ ఆల్బమ్ చేద్దామనే అనుకున్నానని చెప్పుకున్నాడు. కొన్నిచోట్ల సాగదీశాడు, అయినా ఆ తెగింపు నాకు నచ్చింది.

సినిమా పాటల్లో 'హాయ్ నాన్న'. సంగీత దర్శకుడు హేషమ్ అబ్దుల్ వహాబ్, గొంతుకు చోటిచ్చి వాద్యాలను తగ్గించాడు.

అన్నీ మొదటి నుంచి చివరిదాకా, వరస మార్చకుండా వినండి. సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ లిస్టు రాసి తెండి. ఆ పెద్ద స్పీకరు కూడా పట్టుకురండి, ఇయర్‌ఫోన్లలో బేస్ సరిగా తెలియడం లేదు.

ఆశీస్సులతో,
తాతయ్య