ఇంటివాళ్లకు సువార్త: కుటుంబ వ్యవస్థల కోణంలో అపోహలు - వాస్తవాలు

ముక్కూమొహం తెలియనివాళ్లకు సువార్త చెప్పడానికి జంకని మనిషి సొంత అన్న దగ్గర ఆ మాట ఎత్తితే పది నిమిషాల్లో గొడవవుతుంది. చెప్పే విషయం అదే, చెప్పే మనిషీ అతడే. తేడా అంతా ఆ అన్నదమ్ముల మధ్య చిన్నప్పటి నుంచి నడుస్తున్న సంబంధంలో ఉంది. సువార్త శిక్షణ తరగతుల్లో ఏం చెప్పాలో నేర్పుతారు. ఎవరు, ఎవరికి, ఇంట్లో ఏ స్థానంలో ఉండి చెబుతున్నారన్నది దాదాపుగా ఎవరూ నేర్పరు.

అక్కడ పనికొచ్చేది కుటుంబ వ్యవస్థల సిద్ధాంతం. అమెరికన్ మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ 1954-59 మధ్య స్కిజోఫ్రీనియా రోగులను వాళ్ల కుటుంబాలతో సహా ఆసుపత్రిలో ఉంచి గమనించారు. మనిషి ప్రవర్తనను ఒంటరిగా చూస్తే అర్థం కాదని, ఇంటిల్లిపాదీ పంచుకునే ఆందోళనలో భాగంగా చూడాలని తేల్చారు. ఆయన దగ్గర నేర్చుకున్న యూదు రబ్బీ ఎడ్విన్ ఫ్రీడ్‌మన్ 1985లో ఇదే చూపును ఆరాధనా సమాజాలకు అన్వయించారు. ఈ సిద్ధాంతం మతం మార్చే కిటుకు కాదు, మతాన్ని తిట్టే ఆయుధమూ కాదు. కింద రాసినవన్నీ సంఘాల్లో రోజూ వినిపించే మాటలే.

అపోహ: ఎంత గట్టిగా, ఎన్నిసార్లు చెబితే ఇంటివాళ్లు అంత త్వరగా మారతారు.

ఇంట్లో జరిగేది దీనికి తలకిందులు. ఒకరు వెంటపడితే రెండోవారు దూరం జరుగుతారు. దూరం జరిగారని మొదటివారు మరింత వెంటపడతారు. ఎంచుకునే స్వేచ్ఛ చేజారుతోందనిపిస్తే మనిషి ముందు ఆ స్వేచ్ఛను కాపాడుకోవడానికే ఎదురు తిరుగుతాడని మనస్తత్వవేత్త జాక్ బ్రెమ్ 1966లోనే సిద్ధాంతీకరించారు. ఎదుటివాళ్లు చెప్పేది మంచా చెడా అన్న ఆలోచన ఆ తర్వాతే.

మీ ఇంట్లో ఇదే నడుస్తోందా అని తెలుసుకోవడం తేలిక. విశ్వాసం గురించి జరిగిన చివరి పది సంభాషణలు గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాయండి. మాట ఎత్తిందెవరు? ఆపిందెవరు? ఆగాక ఇద్దరూ అదే గదిలో కూర్చున్నారా, ఒకరు లేచి వెళ్లిపోయారా? పదింట్లో ఎనిమిది మీరే మొదలుపెట్టి, ఎనిమిదీ వాళ్లే ముగించి ఉంటే అక్కడ సువార్త వినబడడం లేదు. మీ కంగారు తగ్గించుకోవడానికి మీరు మాట్లాడుతున్నారు, అంతే. 'ఆత్మల భారం' అని మనం పిలిచేదాంట్లో ఈ కంగారు పాలు ఎంతో ఎవరికి వారే తూకం వేసుకోవాలి.

చేయాల్సింది మొదలుపెట్టడం మానడం, అడిగితే జవాబు చెప్పడం. మొదటి పేతురు 3:15 కూడా అడిగేవారికే, అదీ సాత్వికంతో, జవాబు చెప్పమంటుంది. మీరు వెంటపడడం మానగానే కొన్నాళ్లకు అవతలివాళ్లే కదుపుతారు: "ఏంటి, ఈ మధ్య బైబిలు కబుర్లు లేవు?" ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. తలుపు తెరుచుకుందనుకుని ముప్పావుగంట ప్రసంగం దంచుతారు. అది తలుపు కాదు, పరీక్ష. రెండు వాక్యాల్లో జవాబు చెప్పి, ఒక ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. ఇంకో సంగతి: లోపల లెక్కలు వేసుకుంటూ పైకి మౌనం నటిస్తే ఇంట్లోవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

అపోహ: ఇంట్లో వచ్చే వ్యతిరేకత సువార్త మీది ద్వేషమే.

కొంత అదే కావచ్చు. కానీ తాగుడు మానేసిన భర్త ఇంట్లోనూ, పెద్దలు ఎంచిన చదువు వద్దన్న కూతురి ఇంట్లోనూ ఇదే వరస కనిపిస్తుంది. ఒకరు తమ స్థానం మార్చుకుంటే కుటుంబం మూడు అంచెల్లో స్పందిస్తుందని బోవెన్ గమనించారు: 'నువ్వు చేసేది తప్పు', 'మళ్లీ మునుపటిలా ఉండు', 'ఉండకపోతే జరిగేది ఇదీ'. మూడో అంచెలో కన్నీళ్లు, మాటలు మానేయడం, జబ్బు పడడం, డబ్బు ఆపేయడం లాంటివి వస్తాయి. కొత్త విశ్వాసికి ఈ మూడు అంచెలూ ముందే చెప్పి ఉంచాలి. తెలియనివాడు మొదటి అంచెలోనే వాదనకు దిగుతాడు, లేదా మూడో అంచెలో బెదిరి అబద్ధాలు మొదలుపెడతాడు.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న, ఈ ఇల్లు ఏం పోతుందని భయపడుతోంది? సిద్ధాంతం గురించి భయపడేవాళ్లు తక్కువ. ముసలితనంలో మమ్మల్ని చూస్తాడా? ఇంట్లో శుభకార్యమైతే మా పక్కన నిలబడతాడా? మేం పోతే వస్తాడా? బంధువులకు ఏం చెప్పుకోవాలి? త్రిత్వం గురించి వివరించే ముందు వీటికి జవాబు చెప్పాలి. ఉదాహరణకు ఇలా: "ఆదివారం ఉదయం నేను ఆరాధనకు వెళ్తాను. నాన్న మందులు, ఆసుపత్రి పని ఎప్పటిలాగే నాదే." మొదటి వాక్యం తన స్థానం చెబుతోంది, రెండోది బంధం నిలుపుతోంది. రెండోది లేకుండా మొదటిది అంటే అది తిరుగుబాటుగా వినబడుతుంది. మొదటిది మింగేసి రెండోది మాత్రమే చెప్పేవాళ్లు ఆర్నెల్ల తర్వాత దొంగచాటుగా బాప్తిస్మం తీసుకుని ఇంకా పెద్ద గొడవ తెచ్చుకుంటారు.

అన్న మాట నిలబెట్టుకోవాలి కూడా. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజే యూత్ మీటింగ్ పడితే ఆసుపత్రికే వెళ్లాలి. కొత్తగా వచ్చినవాళ్లను వారానికి నాలుగు కూటాల్లో ఇరికించే సంఘ పెద్దలు, ఆ ఇంటి భయాన్ని తామే నిజం చేస్తున్నారు.

అపోహ: మేం చెబితే వినరు గానీ, పాస్టర్ గారు వచ్చి ఒక్క మాట చెబితే వింటారు.

ఇద్దరి మధ్య ఒత్తిడి పెరిగినప్పుడు మూడో మనిషిని మధ్యలోకి లాగి ఆ ఒత్తిడి దింపుకోవడాన్ని బోవెన్ ట్రయాంగిల్ అన్నారు. ఆరాధన అయ్యాక ఒక తల్లి వస్తుంది. "మావాడు సంఘానికి రావడం మానేశాడు. మీరైనా చెప్పండి పాస్టర్ గారూ." పాస్టర్ ఇంటికి వెళ్తాడు. కుర్రాడు కుర్చీ వేసి, తల వంచుకుని, ప్రతి మాటకీ "సరేనండి" అంటాడు. తల్లి మనసు కాస్త తేలికపడుతుంది. ఆమె బరువు ఇప్పుడు పాస్టర్ నెత్తిన ఉంది. కుర్రాడికి తప్పించుకు తిరగాల్సినవాళ్లు ఇద్దరయ్యారు. వచ్చే ఆదివారమూ అతడు రాకపోతే తల్లికి పాస్టర్ మీద కూడా నిష్ఠూరం. మిగతా ఇద్దరి సంబంధాన్ని బయటివాడు బాగుచేయబోతే మారేది తక్కువ, ఆ ఇద్దరి ఒత్తిడి అతడి మీద పడేది ఎక్కువ అని ఫ్రీడ్‌మన్ హెచ్చరించింది దీని గురించే.

సువార్తల్లోనూ ఇలాంటి ఘట్టాలున్నాయి. ఆస్తిలో పాలు పంచమని మా అన్నదమ్ముడికి చెప్పు అని ఒకడు అడిగితే (లూకా 12), నా చెల్లెలిని నాకు సాయం చేయమను అని మార్త అడిగితే (లూకా 10), యేసు ఆ కబురు మోయలేదు. అడిగినవారితో అడిగినవారి సంగతే మాట్లాడారు.

కాబట్టి ఆ తల్లికి చెప్పాల్సింది ఇలా ఉంటుంది: "అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. అబ్బాయితో మాట్లాడాల్సింది మాత్రం మీరే. ఎలా మాట్లాడాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం." కూర్చున్నాక మూడు ప్రశ్నలు చాలు. అబ్బాయి రాకపోతే మీకు అన్నిటికన్నా భయమనిపించేది ఏమిటి? మీ చిన్నప్పుడు మీ అమ్మగారు మీ గురించి ఇలాగే భయపడేవారా? దీని గురించి మీరూ మీ భర్తా ఏం మాట్లాడుకున్నారు? చాలా ఇళ్లలో మూడో ప్రశ్న దగ్గర నిశ్శబ్దం వస్తుంది. భార్యాభర్తలు తేల్చుకోని గొడవ కొడుకు భక్తి మీదికి మళ్లి ఉంటుంది. కుర్రాడిని కలవొద్దని కాదు, కలవండి. తల్లి తరఫు కబురు లేకుండా కలవండి.

ప్రార్థన మనవులు ట్రయాంగిల్స్‌కు ఇంకో దారి. "మా ఆయన అప్పుల గురించి, కోపం గురించి ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టిన మనవి వారం తిరక్కుండా ఆయన చెవిన పడుతుంది. ఆ మనిషి ఇక ఆ సంఘం గుమ్మం తొక్కడు, తొక్కకపోవడంలో తప్పూ లేదు. ఇంకొకరి వివరాలు వాళ్ల అనుమతితోనే చెప్పాలి. లేకపోతే మన గురించే అడగాలి: "నాకు ఓర్పు కలగాలని ప్రార్థించండి." అలాగే "నువ్విలా ఉంటే దేవుడికి కోపం వస్తుంది" అన్న మాట. అక్కడ మూడో మూలలోకి లాగుతున్నది దేవుడినే.

అపోహ: దేవుడి కోసం ఇంటివాళ్లతో తెగతెంపులు చేసుకోవడమే గట్టి విశ్వాసం.

బోవెన్ దీన్ని ఎమోషనల్ కటాఫ్ అన్నారు. 1975లో తన సిద్ధాంతానికి కలిపిన రెండు భావనల్లో ఇదొకటి. తెంచుకున్నవాడు స్వతంత్రుడిలా కనిపిస్తాడు గానీ, తేలని లెక్కలన్నీ మూటగట్టుకుని కొత్త చోటికి తెస్తాడు. నాన్నతో మాటలు మానేసి వచ్చినవాడికి పాస్టర్ కొన్నాళ్లు దేవుడంతటివాడు, తర్వాత హఠాత్తుగా శత్రువు. ఇలాంటి సభ్యులు వరుసగా నాలుగు సంఘాలు మారితే వాక్యంలో తేడాలు వెతికే ముందు వాళ్ల కుటుంబ పటం చూడాలి.

పటం గీయడం కష్టమేం కాదు. మూడు తరాలు చాలు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి అడ్డగీత, పిల్లలు కిందికి, పెద్దవాళ్లు ఎడమ నుంచి. గొడవకు వంకరటింకర గీత, మితిమీరిన దగ్గరితనానికి మూడు సమాంతర గీతలు, తెగిన బంధానికి మధ్యలో విరిగిన గీత. ప్రతి మనిషి పక్కనా మతం, సంఘం, అవి మారిన సంవత్సరం రాయాలి. తాతకూ ఆయన తమ్ముడికీ మధ్య ఒక విరిగిన గీత, తండ్రికీ బాబాయికీ మధ్య మరొకటి కనిపిస్తే, ఇప్పుడు ఈ కుర్రాడు 'విశ్వాసం కోసం' తెంచుకున్నది ఆ ఇంటి పాత అలవాటు కూడా కావచ్చు.

మత్తయి 10లో ఖడ్గం గురించిన మాట ఉంది కదా అంటారు. ఉంది. మార్కు 7లో, దేవునికి అర్పించేశామని చెప్పి తల్లిదండ్రుల బాధ్యత ఎగ్గొట్టేవాళ్లకు పెట్టిన చీవాట్లూ ఉన్నాయి. మార్కు 5లో దయ్యాలు వదిలిన మనిషి వెంట వస్తానంటే యేసు అతడిని ఇంటికే, సొంతవాళ్ల దగ్గరికే పంపారు.

అపోహ: సభలో చెయ్యెత్తాడు కాబట్టి నిర్ణయం అయిపోయింది.

బోవెన్ మనిషిలో రెండు పొరలు చూపించారు. ఆలోచించి, అరిగించుకుని, ఒత్తిడి వచ్చినా వదలని నమ్మకాలు ఒకటి. చుట్టూ ఉన్నవాళ్ల మెప్పు కోసం ఎత్తుకుని, ఇంకో గుంపులో దించేసే నమ్మకాలు రెండోది. సమాజ శాస్త్రవేత్తలు జాన్ లోఫ్లాండ్, రోడ్నీ స్టార్క్ 1965లో ఒక చిన్న మతశాఖ మీద ప్రచురించిన అధ్యయనంలో, చేరినవాళ్లకు లోపలివాళ్లతో ఏర్పడిన స్నేహబంధాలు కీలకమని తేలింది. అంటే ఆప్యాయత మనుషుల్ని తెస్తుంది, ఏ గుంపుకైనా తెస్తుంది. ఆ బంధం సడలిన రోజున నమ్మకం నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న.

అందుకే బాప్తిస్మానికి తొందరపెట్టకుండా చూడాల్సినవి కొన్ని. తను నమ్మింది సంఘం పడికట్టు మాటలు లేకుండా సొంత మాటల్లో చెప్పగలడా? ఒప్పుకోని స్నేహితుడి ముందు కోపం రాకుండా చెప్పగలడా? మీతో ఏదైనా ఒక విషయంలో విభేదించగలడా? మూడోది లేకపోతే మొదటి రెండింటి మీదా అనుమానపడాలి. ధనవంతుడొకడు దిగులుగా వెళ్లిపోతుంటే (మార్కు 10), అంతకుముందే అతడిని ప్రేమగా చూసిన యేసు వెనక పరుగెత్తలేదు, షరతూ తగ్గించలేదు.

అపోహ: 'నీవును నీ యింటివారును' అని ఉంది కాబట్టి యజమాని మారితే ఇల్లంతా మారినట్టే.

అపొస్తలుల కార్యములు 16:31 దగ్గర ఆగిపోకుండా తర్వాతి వచనం చదవాలి. ఇంట్లో ఉన్నవాళ్లందరికీ వాక్యం బోధించారని ఉంది. యజమాని తల ఊపాడని అందరూ తలలు ఊపే ఇంట్లో, ఆయన పోయిన ఏడాదే సగం మంది వెనక్కి వెళ్తారు. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. పదేళ్ల పిల్ల అమ్మను సంతోషపెట్టడానికి ఏ ప్రార్థనైనా చేస్తుంది. యేసు సొంత తమ్ముళ్లే ఆయన్ని నమ్మలేదని యోహాను 7:5 చెబుతుంది. వాళ్లు మేడగదిలో ప్రార్థిస్తూ కనిపించేది పునరుత్థానం తర్వాతే.

అపోహ: ఆందోళన లేని సన్నిధి అంటే నవ్వుమొహంతో నోరు మూసుకోవడం.

కాదు. ఇంట్లో ఒత్తిడి పెరిగినా తను కంగారుపడకుండా ఉండడాన్ని ఫ్రీడ్‌మన్ ఆ పేరుతో పిలిచారు. ఆయన చెప్పినదాంట్లో రెండు భాగాలున్నాయి: తన స్థానం స్పష్టంగా చెప్పడం, చెప్పాక కూడా దగ్గరగా ఉండడం. నోరు మూసుకుంటే మొదటిది పోతుంది.

అపోహ: ఏ ఇంటికైనా ఇదే సూత్రం.

కాదు. ఈ సిద్ధాంతానికి పెద్ద లోపం ఒకటుంది. సమస్యను అందరికీ పంచి చూపించే దాని పద్ధతి, కొట్టేవాడినీ దెబ్బలు తినేవారినీ ఒకే గాటన కట్టేస్తుంది. అధికారం ఎవరి చేతిలో ఉందన్నది చూడదని స్త్రీవాద థెరపిస్టులు 1970ల చివరి నుంచీ విమర్శిస్తూనే ఉన్నారు. విశ్వాసం మార్చుకున్నందుకు కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, చంపుతామనడం జరుగుతున్న ఇంట్లో దూరంగా వెళ్లడం కటాఫ్ కాదు, ప్రాణరక్షణ. విశ్వాసి అయిన భర్తే భార్యను కొడుతున్నా అంతే. అలాంటప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ మాట్లాడకూడదు, అక్కడ చెప్పిన ప్రతి మాటకీ ఇంటికెళ్లాక ఆమె దెబ్బలు తింటుంది. ఒంటరిగా కలిసి, "ఇంటికి వెళ్లడం మీకు క్షేమమేనా?" అని అడగాలి. కాదంటే ఆ రాత్రికి ఎక్కడ ఉంటుందో ముందు చూడాలి. పోలీసు, వైద్యం, చట్టపరమైన సాయం ఆమె ఒప్పుకుంటే ఆ వెంటనే. బాధితులు పిల్లలైతే ఎవరి ఒప్పుకోలు కోసమూ ఆగకూడదు.