ఆరు వారాలు ఆగలేని మనసు

డిప్రెషన్‌కి మొదటిసారి మందు రాసేటప్పుడు డాక్టర్లు సాధారణంగా ఒక మాట చెబుతారు: "గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది." మంచం దిగి పళ్లు తోముకోవడమే పెద్ద పనైపోయిన మనిషికి ఆరు వారాలంటే ఎంత పొడుగో! పైగా ఆ మందు పడుతుందన్న హామీ లేదు. అమెరికాలో జరిగిన 'స్టార్-డి' అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నవాళ్లు దాదాపు మూడోవంతే. మిగతావాళ్లకి మళ్లీ మందు మార్పు, మళ్లీ వారాల లెక్క.

ఆ లెక్కను కెటమిన్ మార్చేసింది. ఇది ఆపరేషన్లలో వాడే పాత మత్తుమందు. 2006లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 18 మందిని తీసుకుని, దీన్ని తక్కువ మోతాదులో నరంలోకి ఎక్కించి చూశారు. రెండు గంటలు గడవకముందే తేడా తెలిసింది. మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనాల్లో పాత మందులు ఎక్కువగా సెరటోనిన్ మీద పనిచేస్తే, ఇది గ్లూటమేట్ అనే మరో రసాయనం వ్యవస్థను కదిలిస్తుంది.

2019లో వచ్చిన ఎలుకల ప్రయోగం నన్ను బాగా ఆకట్టుకుంది. దీర్ఘకాల ఒత్తిడితో ఎలుకల మెదడు కణాల కొమ్మల మీదుండే బుడిపెలు రాలిపోయాయి. ఒక కణం ఇంకోదానితో కలిసే చోట్లు అవే. కెటమిన్ ఇచ్చిన మూడు గంటలకల్లా ఎలుకల నడవడి కుదుటపడింది. బుడిపెలు తిరిగి మొలిచింది మాత్రం దాదాపు 12 గంటలు దాటాకే! కొత్తగా మొలిచినవాటిని చెరిపేస్తే వచ్చిన గుణం నిలవలేదు. అంటే ఊరట ముందు, దాన్ని నిలబెట్టే మరమ్మతు తర్వాత.

మనుషుల్లోనూ ఒక్క మోతాదు గుణం కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. బీపీ పెరగవచ్చు, ఒంటి నుంచి మనసు విడిపోయినట్టు అనిపించవచ్చు, అలవాటు పడే ప్రమాదమూ ఉంది. అందుకే 2019లో అమెరికాలో అనుమతి పొందిన ఎస్‌కెటమిన్ (కెటమిన్‌కే ఒక రూపం) ముక్కు స్ప్రేని క్లినిక్‌లోనే వాడాలి, తర్వాత కనీసం రెండు గంటలు అక్కడే ఉండాలి.

ఇక, ఎవరి మెదడుకు తగ్గట్టు వాళ్లకు వైద్యం. జన్యు పరీక్షలు కొన్ని మందులు ఒంట్లో ఎంత వేగంగా కరుగుతాయో చెప్పగలవు గానీ, ఏ మందు పడుతుందో తేల్చి చెప్పలేవు. నాకు ఎక్కువ ఆశ కలిగించేది స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన 'సెయింట్' పద్ధతి. ముందు ఎమ్మారై తీసి, ఆ మనిషి మెదడులో సరైన చోటు వెతికి, అక్కడ తల మీంచే అయస్కాంత స్పందనలు ఇస్తారు. పది నిమిషాల చికిత్స, యాభై నిమిషాల విరామం. అలా రోజుకు పదిసార్లు, ఐదు రోజులు. 29 మందితో చేసిన పరీక్షలో, నాలుగు వారాల్లోపు అసలు చికిత్స పొందినవాళ్లలో 79 శాతం మంది లక్షణాల నుంచి బయటపడ్డారు, ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్లలో 13 శాతం. 29 మంది చాలా తక్కువే. కానీ మామూలు అయస్కాంత చికిత్సకే ఆరు వారాలు పట్టేది, ఇక్కడ సోమవారం మొదలైతే శుక్రవారానికి పూర్తి.