ఉద్దానం జీడి పిక్కకు ధర కట్టేది ఎవరు?

మార్చి వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఇద్దరు రైతులు కలిసినా మాట బస్తా మీదికే వెళ్తుంది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఎక్కడ విన్నా ఇదే. బస్తా అంటే 80 కిలోల జీడి పిక్కలు. బస్తాకు 16 వేలు, అంటే కిలోకు 200 రూపాయలు ఇప్పించాలని రైతు సంఘాలు కొన్నేళ్లుగా అడుగుతున్నాయి. ధర్నాలు జరుగుతాయి, వినతిపత్రాలు వెళ్తాయి, ఈలోగా పంట అమ్ముడైపోతుంది. ఏటా ఇదే వరస. కారణం ఈ ఏడు వ్యాపారి చేసిన మోసమో, ఈ ఏడు అధికారి చూపిన నిర్లక్ష్యమో మాత్రమే అయితే ఇన్నేళ్లు సాగేది కాదు. దీని వెనక చాలా పాత కథ ఉంది.

రైతు ఉద్యమాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. అఖిల భారత కిసాన్ సభ మహాసభలు 1940 మార్చిలో పలాసలోనే జరిగాయి. ఆ వెంటనే, ఏప్రిల్ ఒకటో తేదీన, మందస జమీందారీ మీద పోరాటంలో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసు కాల్పులకు వీర గున్నమ్మ బలైంది. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. రైతుకు భూమి మీద హక్కయితే వచ్చింది గానీ, పండిన పంట ధర మీద మాట మాత్రం రాలేదు. నా దృష్టిలో ఉద్దానం గొడవ అసలు మొదలైంది అక్కడే.

కాలువ నీరు పారిన చోట వరి వేశారు. ఇసుక నేలల్లో, ఎర్ర మెట్టల్లో కొబ్బరి, జీడి, పనస పెట్టారు. జీడికి నీరు కట్టే పని లేదు. బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ-8 వంటి అంటు మొక్కలతో దిగుబడీ మెరుగుపడింది. పలాస-కాశీబుగ్గలో పప్పు తీసే యూనిట్లు ఒక్కటొక్కటిగా పెరిగి రెండు వందలు దాటాయి. ఇంటి ముందే మార్కెట్ ఉన్న రైతుకు ధర కోసం ఈ తిప్పలేమిటని బయటివాళ్లకు అనిపించవచ్చు.

ప్రభుత్వాలు జీడిని మొదటి నుంచీ ఎగుమతి సరుకుగానే చూశాయి. 1955లోనే జీడిపప్పు ఎగుమతులకు ప్రత్యేకంగా ఒక మండలి పెట్టారు. డాలర్లు రావాలి, ఫ్యాక్టరీలు నడవాలి, వాటికి ముడిసరుకు చవగ్గా అందాలి. లెక్క అంతవరకే. పిక్క పండించేవాడు ఆ లెక్కలో ఎక్కడా లేడు. పంటల ధరలు సిఫారసు చేసే కమిషన్ 1965లో వచ్చింది. ఇవాళ 22 పంటలకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తోంది. అందులో వరి ఉంది, జనపనార ఉంది, ఎండు కొబ్బరి కూడా ఉంది. జీడి లేదు. ఉద్దానంలో చాలా తోటల్లో కొబ్బరి, జీడి పక్కపక్కనే ఉంటాయి. నేలా ఒకటే, రైతూ ఒకడే. ఒక చెట్టు పంటకు కాగితం మీదైనా ఒక ధర ఉంది, రెండో చెట్టుకు అదీ లేదు.

దిగుమతి సుంకాలు చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 2018 బడ్జెట్‌లో ముడి పిక్కల మీద సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు. మరుసటి ఏడాది తయారైన పప్పు మీద సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచారు. రెండూ ఫ్యాక్టరీకి మేలు చేసేవే. బయటి పిక్క చవగ్గా వస్తుంది, బయటి పప్పు రాదు. ఫ్యాక్టరీని కాపాడటం తప్పని నేననను. వేల మంది ఆడవాళ్లు గింజల జిడ్డుతో చేతులు నల్లబడేలా పనిచేసేది అక్కడే. ఉద్దానం పంట ఒక్కటే అయితే ఆ యూనిట్లు ఏడాది పొడుగునా నడవవు, ఆఫ్రికా పిక్కలు కావాల్సిందే. కాబట్టి దిగుమతులు ఆపేస్తే అంతా సర్దుకుంటుందన్న మాట కూడా నిజం కాదు. అయితే ఐవరీ కోస్ట్‌లోనూ కోత మన కోత రోజుల్లోనే పడుతుంది. ఓడలో సరుకు వస్తోందన్న కబురు చాలు, ఇక్కడ బస్తా దిగిపోతుంది.

అమ్మకం దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. చెట్టు కింద ఏరిన పచ్చి పిక్కను రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టాలి. ఎండిన పిక్కలు గుప్పిట్లో ఆడిస్తే గలగలమంటాయి. ఆ గలగల వచ్చేదాకా ఆగేంత వ్యవధి చాలా ఇళ్లలో ఉండదు. పూత మీదే అడ్వాన్స్ తీసుకుని ఉంటారు, పిల్ల ఫీజో ఆసుపత్రి ఖర్చో ముందే అయిపోయి ఉంటుంది. కిడ్నీ జబ్బుతో నలిగిన ఉద్దానంలో ఆసుపత్రి ఖర్చంటే వివరించాల్సిన పని లేదు. పిక్క కాటా ఎక్కుతుంది, తేమ ఉందని కొంత, తాలు ఉందని కొంత తరుగు తీస్తారు. మిగిలిన దాంట్లోంచి అడ్వాన్స్ కోసుకుంటారు. రేటు మాట్లాడే సందే ఉండదు. ఆ పిక్క పప్పుగా మారి మంచి గిరాకీ చూసేది దసరా, దీపావళి రోజుల్లో. ఏప్రిల్ నుంచి అప్పటిదాకా ఎవరు ఆగగలరో లాభం వాళ్లది.

తిత్లీ ఆ కాస్త ఓపికనూ ఊడ్చేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తీరం దాటిన ఆ తుపాను కొబ్బరినీ జీడినీ వేళ్లతో సహా పెకలించింది. కొత్త జీడి మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు, గట్టిగా కాయడానికి ఇంకొన్నేళ్లు. ఆ మధ్య కాలమంతా ఇల్లు గడిచింది అప్పుతోనూ వలసతోనూ. తుపాను సాయం చెట్టుకు వచ్చింది గానీ, పోయిన కాపుకు రాలేదు.

మరి రైతులే సహకార సంఘంగా ఏర్పడొచ్చు కదా అంటారు. ఇక్కడి రైతుకు సహకారం తెలియక కాదు. ఆమదాలవలస సహకార చక్కెర కర్మాగారం మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. విజయనగరం జిల్లా భీమసింగిలోని సహకార ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తెరిపిస్తామన్న మాట వినపడుతుంది. వాటాదారుడై, చెరుకు తోలి, డబ్బు కోసం తిరిగిన కుటుంబాన్ని మళ్లీ సంఘంలో చేరమంటే వెనకాడటం సహజం. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ పెత్తనాన్ని తగ్గించింది. 2020లో కేంద్రం పది వేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం తెచ్చింది. చట్టాలకు కొదవ లేదు. సీజన్లో పిక్క కొని ఆరు నెలలు ఉంచగల నిర్వహణ పెట్టుబడికే కొదవ. అది లేని సంఘం కూడా ఏప్రిల్‌లో అదే వ్యాపారి గుమ్మం ఎక్కుతుంది.

అందుకే 16 వేల డిమాండ్‌తో పాటు, దానంత గట్టిగా, అడగాల్సింది మరొకటి ఉందని నమ్ముతున్నాను. మార్కెట్ కమిటీ గోదాములో పంట పెట్టి, విలువలో 75 శాతం దాకా అప్పు తీసుకునే రైతుబంధు ఏర్పాటు మన రాష్ట్రంలో ఎప్పటి నుంచో ఉంది. సరిగా ఎండిన జీడి పిక్క ఏడాదైనా పాడు కాదు, గోదాముకు ఇంతకన్నా అనువైన సరుకు దొరకదు. సోంపేట, మందస, వజ్రపుకొత్తూరుల్లో ఎండబెట్టే కళ్లాలు, తేమ కొలిచే మీటరు, నాలుగు గోదాములు, మార్చి మొదటి వారానికే చేతికందే అప్పు కావాలి. పూతకు ముందే, డిసెంబరులోనే, ఈ నాలుగూ సిద్ధమైతే అడ్వాన్స్ కోసం చెయ్యి చాచే ఇళ్లు ఆ సీజన్‌కే తగ్గుతాయి.