బడి బ్యాగు బెల్టు బిగించండి

నాలుగో తరగతి పిల్లాడు 25 కిలోలు ఉన్నాడనుకుందాం. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. అంటే వాడికి రెండున్నర కిలోలు. ఇక లెక్క కట్టండి. ఖాళీ బ్యాగు 700 గ్రాములు, లీటరు నీళ్లతో సీసా 1,150, అన్నంతో స్టీలు క్యారేజీ 500. ఒక్క పుస్తకమైనా పెట్టకముందే 2,350 అయింది!

కాబట్టి ముందు చూడాల్సింది సీసా. బడిలో మంచినీళ్ల కుళాయి ఉంటే అర లీటరుది చాలు, అయిపోయాక నింపుకుంటాడు. ఒంటిపూట బడుల ఎండల్లో మాత్రం బరువు పేరు చెప్పి నీళ్లు తగ్గించకండి. బడిలోనే మధ్యాహ్న భోజనం తినేవాళ్లకు క్యారేజీ బరువు ఎలాగూ లేదు. తూకానికి వీధి చివర కిరాణా కొట్టు కాటా చాలు.

బరువు ఎంతన్నది ఒకటైతే, అది వెన్నుకు ఎంత దూరంలో ఉందన్నది ఇంకొకటి. దీన్నే చాలామంది పట్టించుకోరు. బ్యాగు వెనక్కి లాగితే పడిపోకుండా నడుము ముందుకు వంగుతుంది. వంగితే చూపు నేలమీద పడుతుంది, అందుకని మెడ చాపి తల పైకెత్తాలి. సాయంత్రానికి మెడ, భుజాలు నొప్పెట్టేది అందుకే. బెల్టులు వదులయ్యేకొద్దీ ఈ లాగుడు పెరుగుతుంది. బ్యాగు అడుగు నడుము కంటే నాలుగంగుళాలకు మించి దిగకుండా, రెండు బెల్టులూ సమానంగా బిగించండి. బెల్టు కనీసం రెండంగుళాల వెడల్పుతో, మెత్తగా ఉండాలి. సన్నటిదైతే భుజం దగ్గర నరాలు నొక్కుకుపోయి చేతులు తిమ్మిరెక్కుతాయి. 'మరో మూడేళ్లు వస్తుంది' అని పెద్ద బ్యాగు కొనడం మనకు అలవాటే, కానీ అది పిరుదుల మీద కొట్టుకుంటుంది. పైగా ఖాళీ ఉంటే ఏదో ఒకటి కూరేస్తారు.

సర్దేటప్పుడు లావు పుస్తకాలు వీపు వైపు అరలో నిలువుగా, పెన్సిలు డబ్బాలాంటివి ముందు అరలో. టైంటేబుల్ చూసి రాత్రే సర్దాలి, పొద్దున్న హడావుడిలో అన్నీ వేసేస్తారు.

ఊళ్ల నుంచి రాజాం, బొబ్బిలి, నరసన్నపేట బడులకు ఆటోల్లో వచ్చే పిల్లలు దిగేటప్పుడు ఒక్క బెల్టు పట్టుకుని విసురుగా లాక్కుంటారు. మోకాళ్లు వంచి, రెండు చేతులతో ఎత్తి, ఒక్కో భుజానికీ తగిలించుకోవడం నేర్పండి. సైకిలైతే హ్యాండిల్‌కు తగిలించొద్దు, మలుపులో చక్రం తిరగదు. వెనక క్యారియర్ మీద పెట్టి ట్యూబు ముక్కతో కట్టాలి. బండి వెనక కూర్చునే పిల్లల బ్యాగు బెల్టు కొసలు చక్రంలోకి పోకుండా ముడేయండి.

బ్యాగు మోస్తే గూని వస్తుందని భయపెడతారు గానీ, వెన్ను శాశ్వతంగా వంకర పోతుందనడానికి గట్టి ఆధారాల్లేవు. మామూలు నొప్పి బరువు దించి విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది. సెలవు రోజుల్లోనూ తగ్గని నొప్పి, నిద్రలో లేపే నొప్పి, కాళ్లలో తిమ్మిరి అయితే బ్యాగును తిట్టుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.