నంబరు ఒకరిది, పేరు ఇంకొకరిది

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల రేటు మాట్లాడేది ఒకరు, ఫోన్ తెర మీద కనబడేది ఇంకొకరి పేరు. దుబాయ్ పోయిన తమ్ముని ఆధార్ మీద తీసిన సిమ్ అన్న వాడతాడు, భర్త పేరున ఉన్నది భార్య చేతిలో ఉంటుంది. ఉత్తర తెలంగాణలో ఇదేం వింత కాదు. సేవ్ చేసుకోని నంబరు నుంచి ఫోన్ వచ్చినా పిలిచేవారి పేరు తెలియాలని 2024 ఫిబ్రవరి 23న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది. సిమ్ దరఖాస్తు ఫారంలో ఉన్న పేరునే చూపాలంది. టెలికాం శాఖ లేవనెత్తిన సందేహాలకు ట్రాయ్ 2025 అక్టోబరులో జవాబిచ్చింది. ముందుగా 4జీకి, అంతకు పై నెట్‌వర్కులకే ఈ సేవ. కీప్యాడ్ ఫోన్‌లో 2జీ వాడే ఊరి పెద్దలకు ఈ తలనొప్పి ఇంకా రాలేదు.

పేరు తప్పా ఒప్పా అని అందరూ వాదిస్తున్నారు. అది ఎవరి చిట్టాలోంచి వస్తోందని అడిగేవాళ్లు తక్కువ. ఇలాంటి ప్రశ్నకు మన దగ్గర ఒకసారి సరైన జవాబు దొరికింది, కంపెనీ మారే పద్ధతి మారిన 2019 డిసెంబరు 16న.

అంతకు ముందు, ఉన్న నంబరుతోనే కంపెనీ మారాలనుకున్నవాళ్లు (దీన్నే పోర్ట్ అంటారు) 1900కి మెసేజ్ పెడితే, అందుకు కావాల్సిన పోర్ట్ కోడ్‌ను పాత కంపెనీయే తయారుచేసి పంపేది. అంటే గేటు తాళం, మనిషి బయటికి పోతే నష్టపోయేవాడి జేబులోనే ఉండేది. కోడ్ వచ్చింది కదా అని కొత్త సిమ్‌కు దరఖాస్తు పెట్టుకుంటే, రోజులు గడిచాక బిల్లు బాకీ ఉందనో, కోడ్ కలవలేదనో తిరస్కరణ మెసేజ్ వచ్చేది. "కోడ్ వచ్చింది, పోర్ట్ అయితలేదు" అన్న మాట సిమ్ దుకాణాల వాళ్లకు కంఠతా వచ్చు.

కొత్త పద్ధతిలో కోడ్ ఇచ్చే పని నడుమ నిలబడే పోర్టబిలిటీ సంస్థ చేతికి పోయింది. దేశం మొత్తానికి అలాంటివి రెండే. మెసేజ్ రాగానే అది పాత కంపెనీ డేటాబేస్‌ను అప్పటికప్పుడు అడుగుతుంది: బాకీ ఉందా, చేరి 90 రోజులైందా, పేరు మార్పిడి ఏదైనా నడుస్తోందా? అన్నీ సరిపోతేనే కోడ్ పుడుతుంది. ఒకే సర్కిల్ (టెలికాం లెక్కలో ఒక ప్రాంతం) లోపలైతే 3 పనిదినాల్లో నంబరు మారాలి, సర్కిల్ దాటితే 5. ఈ నిబంధన 2018 డిసెంబరులోనే వచ్చినా ఏడాది పాటు వాయిదాల మీద వాయిదాలు నడిచాయి. ఈలోపు నడుమ సంస్థల కూలి మీద కూడా కొట్లాట. ఒక్కో పోర్ట్‌కు 19 రూపాయలున్న రుసుమును ట్రాయ్ 4కు దించితే, 2019 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

నడుమ సంస్థ అవసరం ఎందుకొచ్చిందంటే 2011 జనవరి 20 వల్ల. ఆ రోజు నుంచి దేశమంతా నంబరు మార్చకుండా కంపెనీ మారొచ్చు. దాంతో మొదటి అంకెలు చూసి ఇది ఫలానా కంపెనీదని చెప్పే వీలు పోయింది. ప్రతి కాల్‌కూ ముందు, మీ కంపెనీ యంత్రం పోర్టబిలిటీ పుస్తకం తిరగేసి ఆ నంబరు ఇప్పుడెవరి దగ్గరుందో చూస్తుంది, కాల్ ఏ కంపెనీకి పోవాలో చెప్పే దారి నంబరు తగిలించి పంపుతుంది. ఇదంతా మాట నడిచే దారిలో కాదు, పక్కనే ఉన్న, యంత్రాలు మాట్లాడుకునే సిగ్నలింగ్ దారిలో, అవతల రింగ్ మోగకముందే అయిపోతుంది.

పుస్తకం సరిగా ఉన్నా గేటు ఇరుకైతే ఏమవుతుందో 2016లో చూశాం. జియో కాల్స్‌కు చాలినన్ని ఇంటర్‌కనెక్షన్ పాయింట్లు (ఒక కంపెనీ కాల్ ఇంకో కంపెనీలోకి పోయే గేట్లు) ఇవ్వలేదని ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాల మీద కలిపి 3,050 కోట్ల రూపాయల జరిమానాకు ట్రాయ్ సిఫార్సు చేసింది.

ఇప్పటి పేర్ల వ్యవహారంలో ఆ నడుమ మనిషి లేడు. కాల్ అందుకునే కంపెనీ పోర్టబిలిటీ పుస్తకం చూసి పిలిచేవారి కంపెనీ ఏదో పట్టుకుంటుంది, పేరు కోసం ఆ కంపెనీ చిట్టానే అడుగుతుంది. అందరికీ కలిపి ఒకే పేర్ల పుస్తకం లేదు. వ్యక్తిగత గోప్యత, సాంకేతిక ఇబ్బందులు చూపి, దీన్ని తప్పనిసరి చేయొద్దని కంపెనీల సంఘం మొదటి నుంచీ వాదించింది. గోప్యత మాట కొట్టిపారేసేది కాదు. కానీ చిట్టాలో పేర్లు చేరిందే ఆ కంపెనీల సిమ్‌లు అమ్మిన కౌంటర్ల మీద, గొడుగుల కింద.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకునే టాఫ్‌కాప్ పోర్టల్ 2021లో మొదట తెరుచుకున్నది తెలుగు రాష్ట్రాల వాళ్లకే. అది చూపేది మన పేరున ఉన్న నంబర్లను. మన చేతిలో ఉన్న నంబరు ఎవరి పేరున ఉందో అందులో తేలదు. అది తెలిసేది ఇప్పుడే, అదీ అవతలివాళ్ల తెర మీద.

సరిచేసుకుందామంటే సిమ్‌ను తన పేరుకు మార్పించుకోవాలి, అందుకు పాత పేరాయన సమ్మతి కావాలి. ఆయన దుబాయ్‌లో ఉంటాడు. ఆ మార్పిడి నడుస్తున్నన్నాళ్లూ 1900కి మెసేజ్ పెట్టినా పోర్ట్ కోడ్ రాదు.